జోరిగ్ గడువు

ఆ ఉదయం నామ్ గిచోల్ చేతిలో ఉన్నవి కొరియాలోని ఆన్సాన్ మార్కెట్లో ఒక కూరగాయల కొట్టు, ఒక పాత ట్రక్కు, జోరిగ్. మొదటి రెండూ పోతే మళ్ళీ కొనుక్కోవచ్చు. జోరిగ్ లాంటి మనిషి మళ్ళీ దొరకడు. మంగోలియా నుంచి వచ్చి ఇరవై ఏళ్ళుగా గిచోల్ దగ్గరే సరుకు దింపుతున్నాడు. వీసా గడువు ఎప్పుడో దాటిపోయింది.

“కేసు వాయిదా పడిందట షావుకారుగారూ,” అన్నాడు జోరిగ్, ముల్లంగి బస్తా భుజం మీంచి దించుతూ.

“ఎప్పటికి?”

“వచ్చే ఏడాది వేసవికి. వకీలమ్మ ఫోన్ చేసింది.”

“మరి నీ గడువు?”

“ఫిబ్రవరితో సరి. అప్పటికి పిల్ల హైస్కూలు అయిపోతుంది.”

గిచోల్ కాబేజీ ఆకులు వలవడం ఆపాడు. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలకి ఉండేందుకు కాగితాలిచ్చి, వాళ్ళ హైస్కూలు అయ్యేదాకా తల్లిదండ్రుల జోలికి రామని పాత మంత్రి మాటిచ్చాడు. ఆ ఉత్తర్వు వచ్చేసరికే జోరిగ్ భార్యని ఫ్యాక్టరీ గేటు దగ్గర వ్యానెక్కించి మంగోలియా పంపేశారు. తండ్రీ కూతుళ్ళు మిగిలారు. ఇప్పుడు కొత్త మంత్రి వచ్చి, గడువు దాటాక ఒక్క రోజు కూడా కుదరదన్నాడు. కేసు దాని మీదే. తీర్పు వచ్చేదాకా జోరిగ్ దేశంలో ఉంటే గెలిచే వీలుంది. ఒకసారి విమానం ఎక్కిస్తే, గెలిచినా రానివ్వరు.

“వకీలమ్మ ఇంకేమంది?”

“పిల్ల బాగా చదువుతోందని కోర్టుకి చూపిస్తే మనకి బలమట.”

“అయితే భయమేముంది? సొలొంగో క్లాసులో ఫస్టు కదా.”

సొలొంగో కొట్టు మెట్ల మీద కూర్చుని బడి బూట్లకి లేసులు కట్టుకుంటోంది. ఆ మాట విని కూడా తలెత్తలేదు.

రెండు వారాలు తిరక్కుండానే గిచోల్ ఆ పిల్లని పట్టపగలు ఎదుటి సందులోని కంప్యూటర్ ఆటల గదిలో చూశాడు. నూడుల్స్ గిన్నె పక్కన పెట్టుకుని కూర్చుంది. తెర మీద ఆటేదీ లేదు. ఒళ్ళో లెక్కల పుస్తకం ఉంది.

“నన్ను చూసి తెరిచావా ఆ పుస్తకం?”

“లేదు బాబాయ్. ఇందాకటి నుంచీ తెరిచే ఉంది.”

“బడి లేదా ఇవాళ?”

“ఉంది.”

“మరి?”

“వెళ్ళలేదు.”

“మీ నాన్న నీ చదువు చూపించి కోర్టు మెట్లెక్కుతుంటే, నువ్విక్కడ నూడుల్స్ మింగుతున్నావా?”

“మీకూ ఓ గిన్నె చెప్పనా? వేడిగా ఉన్నాయి.”

గిచోల్‌కి ఒళ్ళు మండింది. తల్లి లేని పిల్ల, ఎవడి మాయలోనో పడి ఉంటుందనుకున్నాడు. ఆ రోజు నుంచి ఆటల గది మీద ఓ కన్నేసి ఉంచాడు. ఏ కుర్రాడూ కనబడలేదు. పిల్ల మాత్రం కనబడుతూనే ఉంది.

ఊరంతా చలికాలానికి కాబేజీ ఊరగాయ, కిమ్చీ, పెట్టుకునే రోజులొచ్చాయి. ట్రక్కు రోజుకి రెండుసార్లు తిరుగుతోంది. ఆ హడావిడిలో బడి నుంచి ఫోనొస్తే, జోరిగ్ చేతులు తడిగా ఉన్నాయని గిచోలే తీశాడు.

“మార్కులకేం లోటు లేదండీ, ఇప్పటికీ తనే ఫస్టు,” అంది టీచరు. “మనిషే కనిపించడం లేదు.”

గిచోల్ ఆ మాట చెబితే జోరిగ్ తడి చేతులు లాగుకి తుడుచుకున్నాడు.

“తిట్టాను. బతిమాలాను. తిండి మానేశాను. ‘నువ్వు తిను నాన్నా’ అంటుంది, అంతే.”

“నాలుగు తగిలించు.”

“దాని మీద చెయ్యెత్తలేను షావుకారుగారూ.”

ఫిబ్రవరిలో బడి వీడ్కోలు సభకి రావద్దని సొలొంగో గట్టిగా చెప్పింది. అయినా ఇద్దరూ వెళ్ళారు. గిచోల్ పూలగుత్తి కొన్నాడు. సభయ్యాక ముగ్గురూ నల్ల సాసు నూడుల్స్ తినాలనుకున్నాడు. జోరిగ్ ఇస్త్రీ కోటు వేసుకున్నాడు. ఇంట్లో అతని పెట్టె అప్పటికే సర్ది ఉంది.

చదువు పూర్తయిన పట్టాలివ్వడానికి వేదిక మీదికి ఒక్కొక్కరినే పిలిచారు. సొలొంగో పేరు రాలేదు.

టీచరు పక్కకి పిలిచి తల వంచింది. “హాజరు చాలలేదండీ. ఎన్ని మార్కులొచ్చినా రూలు రూలే. ఆఖరి ఏడాది మళ్ళీ చదవాలి.”

జోరిగ్ మెట్ల మీద కూలబడ్డాడు. సొలొంగో వచ్చి తండ్రి పక్కన కూర్చుంది.

గిచోల్ ఆగలేకపోయాడు. “ఏమే పిల్లా, నీ ఏడాది పోయింది. కాలేజీ సీటు పోయింది. మీ నాన్నకి తలెత్తుకునే వీల్లేకుండా పోయింది. ఇన్ని పోగొట్టుకున్నావే, ఏం మిగిలిందే నీకు?”

సొలొంగో అతని చేతిలోంచి పూలగుత్తి తీసుకుని తండ్రి ఒళ్ళో పెట్టింది.

“నా చదువయ్యేదాకా నాన్నని పంపరుగా, బాబాయ్.”