తీసేసిన మాటలు

స్టేజీ మీద హీరో ఫోన్ చేతిలోకి తీసుకుని, "నువ్వు పరిచయమయ్యాక ఈ ఫోన్ మోగుతున్నట్టు ఉండట్లేదు. ఎవరో తలుపు తట్టినట్టు ఉంటోంది" అన్నాడు.

హాల్లో ఎవరో ఈల వేశారు. ప్రేక్షకుల్లో కూర్చున్న లిఫ్టు మెకానిక్ ఉలిక్కిపడ్డాడు. ఆ మాట అతనిది. పెళ్లికి ముందు, ఇప్పుడు పక్క సీట్లో కూర్చున్న భార్యకి అతను పంపిన మెసేజ్.

అతనిదంటే, పంపింది అతను. రాసింది వేరే మనిషి. యాప్‌లో పరిచయమైన అమ్మాయిని రోజూ "తిన్నారా" అని అడిగి అడిగి, ఇక లాభం లేదనుకుని, ఇలాంటివాళ్లకి మెసేజ్‌లు రాసిపెట్టే ఒకాయన్ని ఫోన్‌లో పట్టుకున్నాడు. ఆయన రాసి ఇతనికి పంపేవాడు, ఇతను అటు పంపేవాడు. పెళ్లిదాకా అలాగే నడిచింది. ఆ తర్వాత ఆయనతో పనిపడలేదు.

"తట్టకు. తీసే ఉంది" అంది స్టేజీ మీద హీరోయిన్.

ఈసారి హాలంతా నవ్వింది. అది తన భార్య ఇచ్చిన జవాబు. ఒక్క అక్షరం మారలేదు. తర్వాతి మాట రాయాలంటే ఆమె ఏమందో తెలియాలి కాబట్టి, ఆమె జవాబులన్నీ ఎప్పటికప్పుడు ఆయనకి చూపించేవాడు. అవన్నీ దాచుకుని నాటకంగా రాసినట్టున్నాడు ఆ పెద్దమనిషి.

మెకానిక్ ఓరకంట పక్కకి చూశాడు. ఆమె నవ్వడం లేదు. ల్యాబ్‌లో పొద్దస్తమానం జనానికి రక్తం తీసే ఆ చేతులు ఒళ్లో ఒకదాని మీద ఒకటి పడున్నాయి. ముఖంలో ఏమీ లేదు. గుర్తుపట్టేసిందని అతనికి అర్థమైంది. విచిత్రంగా భయం కూడా వెయ్యలేదు. లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోతే లోపలివాళ్లు ఎటు చూడాలో తెలియక ఎలా నిలబడతారో, అలా కూర్చున్నాడు.

ఇంటర్వెల్ లైట్లు వెలగ్గానే ఆమె, అమ్మ ఫోన్ చేస్తోంది మాట్లాడొస్తానని లేచి వెళ్లింది. అతను కాసేపు లేవలేకపోయాడు. తర్వాత టిక్కెట్లు చింపే అతన్ని దారి అడిగి, స్టేజీ వెనక్కి వెళ్లాడు.

రచయిత పాత కుర్చీల మధ్య కూర్చుని టీ తాగుతున్నాడు. ముఖం చూడటం అదే మొదలు. గొంతు మాత్రం తెలిసిందే.

"నేను లిఫ్టు మెకానిక్‌నండీ. మీరు నాకు రాసిపెట్టేవారు."

రచయిత గ్లాసు కింద పెట్టాడు. అతన్ని ఎగాదిగా చూశాడు. "మీ ఆవిడతో కలిసే వచ్చారా?"

"పక్క సీట్లోనే ఉంది. సెకండాఫ్‌లో ఇంకా ఉన్నాయా అవి?"

ఉన్నాయట. నాటకానికి ప్రాణంలాంటి సీను మొత్తం అవేనట. సోఫాలో చెరో పక్కన కూర్చుని ఇద్దరూ పాత మెసేజ్‌లు పైకి చదువుతారట. నటులు కష్టపడి బట్టీపట్టారని, ఇప్పుడు తీసేస్తే స్టేజీ మీద ఏం మాట్లాడతారని రచయిత నెమ్మదిగానే చెప్పాడు. ఎవరి పేరూ వాడలేదని కూడా అన్నాడు. మెకానిక్ అంతా విన్నాడు.

"మా ఆవిడ నన్ను చూసి చేసుకోలేదండీ. ఆ మాటలు చూసి చేసుకుంది. ఇప్పుడు ఇంట్లో గ్యాస్ అయిపోయిందనీ, తాళం తీసుకెళ్లమనీ తప్ప ఇంకేం మాట్లాడుకోం. అయినా అవి నావేనని అనుకుంటోంది కదా. అది కూడా పోతే ఇంక నా దగ్గర ఏముంది?"

ఏ బిల్డింగ్‌లో లిఫ్టు చెడిందో చెప్పినంత మామూలుగా చెప్పాడు ఆ మాట. రచయిత నుదురు రుద్దుకున్నాడు. ఏదో చెప్పబోయి మానేశాడు.

"హీరో మాటలు తీసేస్తాను. వెళ్లి కూర్చోండి" అన్నాడు చివరికి.

అతను వచ్చేసరికి ఆమె సీట్లోనే ఉంది. అమ్మ ఏమందని అడిగాడు. ఏమీ లేదంది.

తెర లేచింది. సోఫా, ఇద్దరు మనుషులు, రెండు ఫోన్లు. హీరో ఫోన్ పైకి ఎత్తి చూసి, దించేశాడు. హీరోయిన్ కూడా తన ఫోన్ చూసుకుని పక్కన పెట్టేసింది. ఎవరూ నోరు విప్పలేదు. మొదట జనం నవ్వారు. వెనకనుంచి ఎవరో సౌండ్ పెట్టమని కేకేశారు. తర్వాత ఆ అరుపులు కూడా ఆగిపోయాయి. ఫ్యాన్ల చప్పుడు వినిపించేంత నిశ్శబ్దం. స్టేజీ మీద ఆ ఇద్దరూ మూరెడు దూరంలో కూర్చుని గోడకేసి చూస్తూనే ఉన్నారు. ముందు వరసలో ఒకావిడ ముక్కు చీదుకుంది.

పక్కన భార్య గట్టిగా ఊపిరి వదలడం మెకానిక్‌కి వినిపించింది. ఆమెకేసి చూడలేదు.

తెర పడ్డాక జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వాళ్లిద్దరూ కొట్టారు.

"బానే చేశారు" అంది ఆమె.

"ఆఁ" అన్నాడు.

స్కూటర్ తీసి గేటు దగ్గర ఉంటానని ఆమె వెళ్లింది. అతను మళ్లీ స్టేజీ వెనక్కి వెళ్లాడు. రచయిత సోఫా మీది దుప్పటి మడతపెడుతున్నాడు.

"మీ మేలు మర్చిపోనండీ. కానీ మీరు హీరో మాటలే కదా తీసేస్తానన్నారు. ఆ అమ్మాయి మాటలు కూడా ఎందుకు తీసేశారు? అవి మా ఆవిడవి. పాపం, తను మనసులోంచి రాసినవి."

రచయిత మడత ఆపకుండానే అన్నాడు: "అవీ నేను రాసిపెట్టినవేనండీ. తీసేయమని మీకంటే ముందే మీ ఆవిడ వచ్చి అడిగి వెళ్లారు."