చెలమలో నక్క బావ

ఎండలకు అడవిలోని చెలమలో నీళ్ళు లోతుకు పోయాయి. జంతువులు ఒక పంగలకర్ర మీద అడ్డంగా వెదురు కట్టుకున్నాయి. ఒక కొన మీద ఒకరు కూర్చుంటే, రెండో కొన పట్టుకుని ఇంకొకరు దిగి తాగుతారు. ఇద్దరి బరువూ సమానమైతేనే, కాళ్ళతో ఒక్క తోపు తోసి పైకి తేలొచ్చు.

ఏదుపందికి జత, ఒంటినిండా పొలుసులుండే అలుగు. అది కొండ దాటి వెళ్ళిపోయాక రెండు రోజులుగా ఏదుపందికి గొంతు తడవలేదు. నక్క కనబడగానే అడిగింది.

"బావా, నువ్వూ అలుగూ సరితూగారు. అలుగూ నేనూ సరితూగాం. అంటే మనిద్దరం సరితూగినట్టే కదా?"

"సరే, నువ్వు నాకు సమానమే. ముందు నేను తాగుతాను" అంది నక్క.

ఏదుపంది పైన కూర్చుంది. నక్క కడుపునిండా తాగి, కిందినుంచే మాట మార్చింది.

"నీ వంతు ఇంకోసారి చూద్దాంలే. నువ్వు నాకు సమానమన్నాను గానీ, నేను నీకు సమానమన్నానా? ముళ్ళదానికి జతగా కూర్చుంటే నలుగురూ ఏమనుకుంటారు?"

ఏదుపందికి ఒళ్ళు మండింది. "నువ్వు నాకు సమానం కాకపోతే, నేనూ నీకు కాదు. మరి నిన్ను పైకి తేల్చేదెవరు? దిగిపోనా?"

వెదురు కిర్రుమంది.

"సమానమే అక్కా, ఎటునుంచి చూసినా" అంది నక్క.

పైకొచ్చి ఒకసారి దారి వైపు చూసింది. ఏదుపంది ఎండిన పెదాలు చూసి, మెల్లగా వెదురు మీద కూర్చుంది.

"నీళ్ళు తాగి బరువెక్కాను. ఇప్పుడు సరితూగుతామంటావా?"

"నేనూ అన్నే తాగుతాను బావా" అంటూ ఏదుపంది దిగింది.