పీతమ్మ ముగ్గు

సముద్రపు ఒడ్డున ఒక పీతమ్మ ఉండేది. ఇసుకలో తిండి ఏరుకుని, మిగిలిన ఇసుకను చిన్న చిన్న ఉండలుగా చుట్టి పక్కన పడేయడం దాని రోజువారీ పని. ఒకనాటి పొద్దున ఆ ఉండలు దాని కన్నం చుట్టూ చుక్కల ముగ్గులా పరుచుకున్నాయి.

అందరూ తిరిగే ఆ తీరంలో ఏదైనా కళాఖండం పెట్టాలని వెతుకుతున్న తాబేలు, మేక, కాకి అక్కడే ఆగిపోయాయి.

"దీన్నే ఎంపిక చేశాం పీతమ్మా," అంది ఆ మూడింటికీ పెద్దగా వ్యవహరిస్తున్న తాబేలు. "ఇక ఇది అందరిదీ. నువ్వు కూడా దీనిమీద కాలు పెట్టకూడదు."

"అది నేను తిని వదిలేసిన ఇసుక మామా. నాకింకా సగం కడుపే నిండింది."

"గొప్ప కళాకారులు ఇలాగే మాట్లాడతారు," అంది కాకి మెచ్చుకోలుగా. మేక కాపలా కూర్చుంది. పీతమ్మ ఆకలితో కన్నంలోనే ఉండిపోయింది.

సాయంత్రం పోటెత్తిన సముద్రం ముగ్గంతా తుడిచేసింది. మూడూ కళ్లనీళ్లు పెట్టుకుని వెళ్లిపోయాయి.

మర్నాడు నీళ్లు వెనక్కి పోగానే పీతమ్మ బయటికొచ్చి ఆవురావురుమని తినసాగింది. చుట్టూ మళ్లీ ఉండలు పరుచుకున్నాయి. అటుగా వచ్చిన తాబేలు వాటిని చూసి పెదవి విరిచింది.

"ఇది నీ చేతి పని కాదులే పీతమ్మా. ఎవరో నకలు కొట్టారు."

"అవును మామా, నాది కాదు," అంది పీతమ్మ, నోటినిండా ఇసుకతో.