టంకం ముద్ద

బెల్ నొక్కి ఆవిడ రెండడుగులు వెనక్కి జరిగి నిలబడింది. పక్కన చక్రాల బండి మీద తాడుతో కట్టిన పాత గిటార్ ఆంప్లిఫయర్. పేరుకు పెట్టె, బరువుకు బండరాయి.

బెల్ కొట్టకుండా వస్తే లోపలి ముసలాయన ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తాడు. పరాయి మనిషి ఇంట్లో తిరిగితే అసలు గిట్టదు. అదే పాత పెట్టె ఏదైనా పట్టుకొస్తే రాజమర్యాదలు. ఈ సంగతి ఆవిడకు అనుభవం మీద తెలిసింది.

తలుపు తీసిన ముసలాయన ముందు బండిని చూశాడు. ఆ తర్వాతే ఆవిడను చూశాడు.

"వాల్వులదా?"

"అవునండీ. ఇంగ్లండ్‌లో చేసిందంటారు. అసలుదో నకలో మీరే తేల్చాలి."

"రండమ్మా, రండి. గడప చూసుకోండి, ఎత్తు."

ఆవిడ బండిని వెనక్కి వంచి ఒడుపుగా గడప దాటించింది. కిటికీ పక్కన పని బల్ల. దాని మీద మీటర్లు, తీగ చుట్టలు, దూదిలో పడుకోబెట్టిన గాజు వాల్వులు. ఇద్దరూ చెరోపక్క పట్టి పెట్టెను బల్ల మీదికి ఎక్కించారు.

"మీవారిదా?" అన్నాడాయన తాడు విప్పుతూ.

"మావారిదే."

"ఆయన రాలేదేం?"

"రాలేరండీ." ఆవిడ తాడు రెండో కొస అందుకుంది. "ఇంట్లో పలకరించే దిక్కు లేక చాలా కాలమైంది. ఇక మోసింది చాలు, ఎక్కడైనా అప్పగించేసి హాయిగా ఉండమంటోంది మా ఆడపడుచు."

ఆడపడుచు చెడ్డదేం కాదు. ఈవిడ నడుము నొప్పి చూసి చెప్పిన మాటే అది. అందుకే పొద్దున కాఫీ తాగుతూ ఆవిడ తనలో తను ఒట్టు పెట్టుకుంది. ఇవాళ ఆయన గుర్తుపడితే ఉంచుకోవడం. లేదంటే ఆడపడుచు మాట వినడం. ఒంటరిగా ఉండి ఉండి మనిషి ఇలాంటి ఒట్లకు దిగుతుంది.

ఆయన స్క్రూడ్రైవర్ కోసం బల్లంతా తడుముతున్నాడు. ఆవిడ రేకు డబ్బా వెనక నుంచి తీసి అందించింది.

"అక్కడుందని మీకెలా తెలుసు?"

"కనిపించిందండీ."

వెనక చెక్క ఊడదీశాక ఆయన ఎడమచెయ్యి వీపు వెనక పెట్టుకున్నాడు. ప్లగ్గు పీకేసినా ఇలాంటి పెట్టెల్లో కరెంటు పొంచి ఉంటుంది. రెండు చేతులూ పెడితే అది గుండె మీదుగా పోతుందని ఈ పనివాళ్ళ భయం. లోపల దాగిన కరెంటును దించేశాకే ఆ చెయ్యి ముందుకు వచ్చింది. పెట్టె తెరుచుకున్న కొద్దీ ఆయన వయసు తగ్గుతోంది. చేతుల్లో వణుకు లేదు. మాటలో తడబాటు లేదు.

"ఈ రేకు చూశారా, అల్యూమినియం. తర్వాత ఇనుముకు మారిపోయారు. మొదట్లో చేసిన కాసినిటికే ఇది. పసుపు కెపాసిటర్లు కూడా అప్పటివే. పైన పేరు పలక ఎవడైనా మార్చి అతికిస్తాడు. లోపలి వైరింగ్ మార్చాలంటే వాడి తాత దిగిరావాలి." తలెత్తి నవ్వాడు. "అసలుదేనమ్మా. లక్షల్లో ఒకటి."

ఆవిడ తల ఊపింది గానీ మొహంలో వెలుగు రాలేదు. ఆవిడ చూపు ఆయన వేలి మీదే ఉంది.

ఆ వేలు ఒక మూలకు పోయి ఆగింది. తీగల్ని అతికిస్తూ వరసగా మెరిసే సన్నటి టంకాల మధ్య ఒకచోట మాత్రం లావుపాటి ముద్ద. పెసరగింజంత ఉంది.

"ఇది ఎవరో కొత్తవాళ్ళు పెట్టారు. చెయ్యి వణికింది," అన్నాడు. "పక్కన పనితెలిసినవాడు ఉన్నాడు. మిగతా మరమ్మతంతా వాడిదే, చక్కటి చెయ్యి. ఈ ముద్ద గీకేసి మళ్ళీ పెట్టడం వాడికి చిటికెలో పని. పెట్టలేదు. ఎందుకంటారు?"

"ఎందుకు?" ఆవిడ ఇంకొంచెం దగ్గరకు జరిగింది.

"ఉంచుకోవాలనిపించి ఉంటుంది. బాగా కావలసినవాళ్ళు పెట్టి ఉంటారు."

ముద్ద మీద వేలు అలాగే ఉంది. నుదుటి మీద గీతలు దగ్గరయ్యాయి. ఏదో నాలుక చివరి దాకా వచ్చినట్టే ఉంది.

"ఎవరై ఉంటారండీ?"

ఆయన ముద్దను ఇంకోసారి వేలితో తడిమాడు. ఆ గీతలు ఒక్కొక్కటే విడిపోయాయి.

"అది పెట్టె ఎలా చెబుతుందమ్మా," అన్నాడు చివరికి. చెక్క బిగించి, అరచేత్తో పైన దుమ్ము తుడిచాడు. "ఒక్క మాట వినండి. మీ ఆడపడుచు చెప్పిందని ఇచ్చెయ్యకండి. బరువని వదిలించుకునే సరుకు కాదిది. మళ్ళీ కావాలన్నా దొరకదు."

"ఇవ్వనండీ," అందావిడ. కళ్ళు తుడుచుకుంది. దుమ్ము పడిందనుకుని ఆయన పట్టించుకోలేదు.

బయట వెలుతురు తగ్గుతోంది. ఆయన కిటికీలోంచి వీధి చివరిదాకా చూసి కంగారు పడ్డాడు.

"ఇక బయల్దేరండమ్మా. మా ఆవిడ వచ్చే వేళయింది. బల్ల మీద ఇంకో పెట్టె కనబడిందంటే నా వీపు విమానం మోతే."

"అంత కోపమా ఆవిడకి?"

"నోరే గానీ, మనసు వెన్న. ఎక్కడికి పోయిందో, ఇవాళ బాగా ఆలస్యం చేసింది." గొంతు తగ్గించాడు. "తను లేకపోతే నాకు తోచదు."

పెట్టెను ఇద్దరూ కలిసి మళ్ళీ బండికెత్తాక, ఆయన కిటికీ దగ్గరకు పోయి వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు.

ఆవిడ బండిని గుమ్మం దాకా తోసుకెళ్ళి, తలుపు తెరిచి, ఆయనకు వినబడేలా మూసి, లోపలి నుంచి గడియ పెట్టి, చెప్పులు విడిచి, రోజూలాగే ఇద్దరికీ వంట చేయడానికి వంటింట్లోకి వెళ్ళింది.