అడ్డం లేని ఇల్లు

గొడ్డలి దెబ్బకి టేకు కుర్చీ వీపు నిలువునా చీలింది.

"తర్వాతది తేరా!" అంది అక్క, కుచ్చిళ్లు ఎగదోపుకుంటూ.

ఆమెది కట్టెల అడితి. ఆమె గొడ్డలి ఎత్తితే లారీవాళ్లు కూడా మాట్లాడకుండా పక్కకి తప్పుకుంటారు.

తమ్ముడు కదల్లేదు. కనుబొమ్మ మీద కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. ఎడమ మణికట్టుకి కట్టు. ఆరడుగుల మనిషి, బస్సు డ్రైవరు. రోడ్డు మీద కుక్కపిల్లకి కూడా ఇంతవరకు దెబ్బ తగలనివ్వలేదు. ఇంట్లో మాత్రం ఒక గాయం మానకముందే ఇంకోటి. స్టూలు తట్టుకుని పన్ను ఊడిందన్నాడు. ఇనప్పెట్టె మీద పడి పక్కటెముక విరిగిందన్నాడు. మొన్న కుట్టుమిషను అంచు గుచ్చుకుందన్నాడు. అది ఇంకాస్త కిందికి దిగితే కన్ను పోయేది.

కుట్లు వేసిన డాక్టరు అక్కకి కబురు పెట్టాడు.

"ఓసారి వెళ్లి చూశానమ్మా. అది ఇల్లు కాదు, పాత సామాన్ల కొట్టు. ముందు ఆ చెత్తంతా బయట పారేయించండి. ఇతని ఎముకలు దక్కుతాయి, ఆవిడ దగ్గూ తగ్గుతుంది."

దగ్గు మరదలిది. చిన్నపిల్లల బడిలో టీచరు. పిడికెడు మనిషి. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"ఎన్నిసార్లు మొత్తుకున్నానో వదినా! ఎక్కడ విరిగిన కుర్చీ కనబడినా భుజానేసుకుని వచ్చేస్తారు. ఈ దుమ్ముకి నాకు ఊపిరాడదు."

"నాకు ముందే చెప్పాల్సిందమ్మా. ఈపాటికి పొయ్యిలోకి పోయేవి."

గొడ్డలి మళ్లీ లేచింది. స్టూలు ముక్కలైంది. కాలు లేని బీరువా అద్దంతో సహా భళ్లున కూలింది. దాని వెనక నుంచి పందికొక్కు ఒకటి దూసుకొచ్చింది. అక్క గొడ్డలి తిరగేసి ఒక్కటే కొట్టింది. గోడ మీద నెత్తురు చిమ్మింది. మరదలు రెప్ప వెయ్యకుండా చూసింది. తమ్ముడు మొహం తిప్పుకున్నాడు.

ఇక ఇనప్పెట్టె వంతు. తమ్ముడు వెళ్లి దాని మీద కూర్చున్నాడు.

"ఇదొక్కటీ ఉంచక్కా."

"ఏముందందులో?"

"ఏం లేదు."

"ఖాళీ పెట్టె మీద అంత మమకారం ఏంట్రా? లే!"

లేవలేదు. అక్క చొక్కా పట్టుకుని లాగింది. అతను గొడ్డలి కామ పట్టుకున్నాడు. ఇద్దరూ పెనుగులాడారు. ఆ ఊపుకి అతని తల గోడకి తగిలి కుట్లు తెగాయి. నెత్తురు కంట్లోకి కారింది. అయినా పట్టు వదల్లేదు.

"నీ మంచికే కదరా, దున్నపోతా!"

అక్క చెయ్యెత్తింది. దెబ్బ పడకముందే అంత మనిషీ రెండు చేతులూ తలకి అడ్డం పెట్టుకుని నేల మీద ముడుచుకుపోయాడు.

"అయ్యో, కొట్టకండి వదినా!" మరదలు పరుగున వచ్చి మధ్యలో నిలబడింది.

అక్క చెయ్యి దించింది. రొప్పుతూ తమ్ముడి వంక చూసింది. "చిన్నప్పుడు నా జుట్టు పీకి చేతిలో పెట్టినవాడివి, ఇప్పుడింత పిరికివాడివేంట్రా? ఈ పిల్ల కాబట్టి నీతో వేగుతోంది."

అతను పక్కకి జరిగాడు. పెట్టె మీద ఎడాపెడా దెబ్బలు పడుతుంటే చూస్తూ కూర్చున్నాడు.

సాయంత్రానికి ట్రక్కు వచ్చి అంతా ఎత్తుకుపోయింది. నేల కడిగారు. గోడ మీద మరక తుడిచారు. బీరువా వెనక ఇన్నేళ్లూ మూసుకుపోయిన కిటికీ తెరుచుకుంది. గాలి ఈ గదిలోంచి ఆ గదిలోకి ధారాళంగా వీచింది.

మరదలు గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. "చెయ్యి చాపుకోడానికి చోటొచ్చింది వదినా," అంది నవ్వుతూ.

అక్క తృప్తిగా గొడ్డలి భుజానేసుకుని వెళ్లిపోయింది.

నెల తిరక్కుండానే భార్యాభర్తలిద్దరూ డాక్టరు ముందు కూర్చున్నారు. డాక్టరు ఆమె ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి మురిసిపోయాడు.

"చూశారా? పిల్లికూతలు లేవు, ఆయాసం లేదు. మందుల కంటే ఇల్లు సర్దుకోవడమే బాగా పనిచేసింది."

"అవును డాక్టర్‌గారూ, ఒంట్లోకి కొత్త బలం వచ్చినట్టుంది," అందామె.

డాక్టరు అతని వైపు తిరిగాడు. చెవి చిరిగి వేలాడుతోంది. పెదవి రెండుగా పగిలింది. దూది తీస్తూ అడిగాడు.

"మరి నీ సంగతేంటయ్యా? ఈసారి దేనికి తట్టుకుని పడ్డావ్?"

అతను నోరు తెరిచాడు కానీ, భార్య కొట్టిన ప్రతిసారీ 'దీనికే తట్టుకుని పడ్డాను' అని చెప్పుకోడానికి ఇన్నేళ్లూ ఏరి ఏరి మోసుకొచ్చిన సామాను, ఆ ఇంట్లో ఒక్కటీ మిగల్లేదు.