మొదటి ముక్క చాలు తాతా

చెరువులో ఏం జరిగినా తాబేలు తాత స్వయంగా వెళ్లి, కళ్లారా చూసొచ్చి, మొత్తం చెప్పేవాడు. కప్పలకి అంత ఓపిక ఎక్కడిది?

"మొదటి ముక్క చాలు తాతా, మిగతాది మేం అల్లుకుంటాం," అనేది బోదురుకప్ప. ముందు అరిచినవాళ్లకే ఆ చెరువులో పేరు మరి.

ఒకరోజు తాత రొప్పుతూ వచ్చాడు. "పాము వచ్చింది..." అని ఆయాసం తీర్చుకోడానికి ఆగాడు.

అంతే. "పాము, పాము" అని అరుచుకుంటూ కప్పలన్నీ అవతలి గట్టుకి గెంతాయి.

"...అవతలి గట్టుకి," అని ఖాళీ నీళ్లకి చెప్పి ముగించాడు తాత.

కాసేపటికి పాము పొట్ట ఈడ్చుకుంటూ వచ్చి తాత పక్కన త్రేన్చింది.

"నీ వార్తలు భలే ఉంటాయి తాతా. ఇంకా కొందరు మిగిలారు. రేపు కూడా ఆ మాట దగ్గరే ఆగి ఆయాసం తీర్చుకో."