ఫ్రిజ్ అద్దె

"గిన్నె ఇస్తావా అమ్మా, తీసుకెళ్తాను" అంది కింది వాటా ఆవిడ, గుమ్మం బయటే నిలబడి.

క్రీమ్ గరిటె చేత్తో పట్టుకునే తలుపు తీసిన పెద్దమ్మాయికి విసుగొచ్చింది.

"ఏ గిన్నె అత్తయ్యగారూ?"

"అదే, పుడ్డింగు గాజు గిన్నె. ఎప్పుడూ నా ఫ్రిజ్‌లోనే కదా పెట్టేది మీ అమ్మ."

నిజమే. ఆ ఇంట్లో ఎవరి పుట్టినరోజైనా పొరల పుడ్డింగు ఉండాల్సిందే. డికాషన్‌లో ముంచిన బిస్కెట్లు, పైన క్రీమ్, దాని మీద అరటిపండు ముక్కలు, మళ్ళీ బిస్కెట్లు. తల్లి వంటింటి తలుపు వేసుకుని చేసేది. గరిటెల చప్పుడు తప్ప బయటివాళ్ళకి ఏమీ తెలిసేది కాదు. తర్వాత గిన్నె మీద గుడ్డ కప్పి, "తప్పుకోండర్రా, పొరలు కదిలిపోతాయి" అంటూ ఒక్కో మెట్టూ చూసుకుంటూ కిందికి మోసుకెళ్ళేది. మన డొక్కు ఫ్రిజ్‌లో అది గట్టిపడదనేది.

మర్నాడు కోశాక మొదటి ముక్క చిన్న ప్లేటులో కిందికి వెళ్ళేది. తమ్ముడు దానికి 'ఫ్రిజ్ అద్దె' అని పేరు పెట్టాడు. ఆవిడేమో 'ఫ్రిజ్ అత్తయ్య' అయింది. పిల్లలు ఎవరూ ఏనాడూ ఆవిణ్ణి పైకి పిలిచి కూర్చోబెట్టిన పాపాన పోలేదు.

"ఇంక అక్కర్లేదండీ. కొత్త ఫ్రిజ్ కొన్నాం, పెద్దది."

ఆవిడ కదల్లేదు.

"ఈ ఒక్కసారికీ నాకిచ్చెయ్యి తల్లీ. మళ్ళీ అడగను."

అద్దె పోతుందని బెంగ కాబోలు అనుకుంది పెద్దమ్మాయి.

"మీ ముక్క మీకు పంపిస్తాలెండి."

అనేశాక తనకే చివుక్కుమంది. ఆవిడ మాత్రం చిన్నగా నవ్వింది.

"డికాషన్ చల్లారాకే ముంచు. ఇలా ముంచి అలా తీసెయ్యి" అని, కమ్మీ పట్టుకుని, కాలితో మెట్టు తడుముకుంటూ దిగిపోయింది.

తాతకు దగ్గులు నేర్పినట్టుంది వ్యవహారం! మా అమ్మ చేసేది నాకు ఈవిడ చెప్పాలా అనుకుంటూ, పెద్దమ్మాయి వేడి డికాషన్‌లోనే బిస్కెట్లు వేసింది.

ఆమె దిగులల్లా తండ్రి గురించే. భార్య పోయినప్పటి నుంచి ఆయన పెట్టింది తింటున్నాడు కానీ, ఏం తిన్నావంటే చెప్పలేడు. రేపు ఆయన పుట్టినరోజు, అమ్మ లేకుండా మొదటిది. ఒక్క చెంచా, ఒక్కటంటే ఒక్కటి, ఇష్టంగా తింటే చాలు.

మర్నాడు సాయంత్రం అందరూ బల్ల చుట్టూ చేరారు. కత్తి దిగగానే క్రీమ్ నీళ్ళలా పక్కకి జారింది. బిస్కెట్లు ముద్దయిపోయాయి.

"అక్కా, దీన్ని కొయ్యాలా, తాగాలా?" అన్నాడు తమ్ముడు.

ఎవరూ నవ్వలేదు.

తండ్రి ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాడు. మింగి, చెంచా పక్కన పెట్టేశాడు.

"అన్నీ అమ్మలాగే వేశాను నాన్నా. ఎక్కడ తప్పింది?"

"గిన్నె కిందికి పంపలేదా?"

"మనకే ఉంది కదా ఫ్రిజ్."

ఆయన ఇంకో కుర్చీ బల్ల దగ్గరికి లాగాడు.

"వెళ్ళి ఆవిణ్ణి తీసుకురా. మనతో కలిసి భోంచెయ్యమన్నానని చెప్పు."

కింది వాటా తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. గదుల్లో సామాను లేదు. ఇంటి యజమాని కిటికీలు మూస్తున్నాడు.

"పొద్దున్నే అన్న కొడుకొచ్చి తీసుకెళ్ళాడమ్మా. చూపు బాగా తగ్గిపోయింది. ఇంక ఒక్కదాన్నీ ఉండలేనంది."

"ఏ ఊరు?"

"నేనూ అడగలేదు. మీకు చెప్పలేదా? నిన్న వీడ్కోలు చెప్పడానికే పైకి వెళ్ళానందే!"

వంటింట్లో పాత ఫ్రిజ్ ఒక్కటే మిగిలింది.

"ఇందులోవి పై వాళ్ళకి ఇమ్మంది" అంటూ ఆయన ఒక సంచీ చేతికిచ్చాడు.

విప్పని క్రీమ్ డబ్బా. బిస్కెట్ పొట్లాలు. మూత బిగించిన సీసాలో చల్లారిన డికాషన్. మగ్గిన అరటిపళ్ళు.

పెద్దమ్మాయి పైకి వచ్చి సంచీని బల్ల మీద పెట్టింది.

"వెళ్ళిపోయారు నాన్నా. ఇవన్నీ ఎందుకు కొన్నారో అర్థం కావట్లేదు."

తండ్రి డికాషన్ సీసాని అరచేతిలోకి తీసుకున్నాడు. కళ్ళు తడి అయ్యాయి.

"నీ మొదటి పుట్టినరోజుకి మీ అమ్మ చేసింది కూడా ఇలాగే నీరుగారిపోయింది. మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే ఆవిడ చూసింది. ఆ రోజు చుట్టాలంతా మీ అమ్మని తెగ మెచ్చుకున్నారు. ఇంక తర్వాత నిజం చెప్పడానికి నోరు రాలేదు. చెప్పొద్దని ఆవిడే ఒట్టు వేయించుకుందట."

"నీకెలా తెలుసు?"

"ఒకసారి మెట్ల మీద మీ అమ్మ కాలు జారింది. గిన్నె నేను పట్టుకున్నాను. బరువే లేదు. అప్పుడు చెప్పింది అంతా."

తమ్ముడు తల దించుకున్నాడు.

తండ్రి గాజు గిన్నె అంచుని మెల్లగా తుడిచాడు.

"మీరంతా పక్కకి తప్పుకుని దారి ఇచ్చేవాళ్ళే... అది ఎప్పుడూ ఖాళీగా కిందికి వెళ్ళి, ఆవిడ చేతుల్లో నిండి పైకి వచ్చేదమ్మా."